‘గారు’ లేని మాట

సలహాల గదిలోకి వెళ్ళగానే దుబాసీ చేసే మొదటి పని కుర్చీలు సర్దుకోవడం. ఎన్నిసార్లు చెప్పినా అక్కడి మూడు కుర్చీలూ ఫొటో తీయించుకోవడానికి వేసినట్టు ఒకే వరసలో ఉంటాయి. ఆ రోజు కూడా ఒక కుర్చీ తనే ఎత్తుకెళ్ళి బల్లకి అవతల, సలహాదారు భుజం పక్కన వేసుకుంది. ఎదురుగా కూర్చునే అమ్మాయికి చెవులు వినబడవు. మాట్లాడే మనిషి మొహమూ, ఆ మాటల్ని సైగల్లో చెప్పే చేతులూ ఆమెకి ఒకే చూపులో అందాలి. వెనక నుంచి వెలుతురు పడితే చేతులు నల్లగా కనిపిస్తాయని కిటికీ తెర కూడా లాగింది.

మెడలో వేలాడే కార్డు మీద ఆమె ఉద్యోగం పేరు సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్. అంత పొడుగు మాటకి నోరు తిరగక యూనివర్సిటీలో అందరూ దుబాసీ గారు అనేవారు. సలహాదారుకీ ఒక ముద్దుపేరు ఉంది, ఆయన వెనక. పిల్లలు తేనెసీసా అనేవారు. ఏ ఏడాది ఏ సబ్జెక్టు తీసుకోవాలి, తప్పితే మళ్ళీ ఎప్పుడు రాయాలి, ఇలాంటివన్నీ ఆయనే చెప్పాలి, ఆయనే సంతకం పెట్టాలి. కాదనేటప్పుడు కూడా కడుపు నిండేలా కాదనడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

అమ్మాయి వచ్చి కూర్చుంది. రసాయన శాస్త్రం రెండో ఏడాది. కుడిచేతి రెండు వేళ్ళ మీద ఆసిడ్ మరకలు పసుపచ్చగా ఎండిపోయి ఉన్నాయి. నమస్కారం పెట్టి, ఆలస్యం లేకుండా చేతులు ఎత్తింది.

“సార్, మూడో ఏడాదికి నేను ల్యాబు గ్రూపు అడిగానండీ,” అంది దుబాసీ. “నీళ్ళలో కలిసిన లోహాలని పరీక్షించడం నేర్చుకుందామని. మా ల్యాబు మేడమ్ గారు సరేనన్నారు. దయచేసి తమరు కూడా సంతకం పెడితే...”

ఈ ‘నేను’ దుబాసీ కాదు, అమ్మాయి. చేతులు ఎవరివైతే ‘నేను’ వాళ్ళది. ‘ఆ అమ్మాయి ఇలా అంటోంది’ అనే మాటే ఆ పనిలో ఉండకూడదు. అమ్మాయి సైగల్లో మాత్రం ‘అండీ’ లేదు, ‘దయచేసి’ లేదు, ‘తమరు’ అంతకన్నా లేదు. ఆమె అన్నది: ల్యాబు గ్రూపు కావాలి, నీళ్ళలో లోహాలు పరీక్షిస్తాను, ల్యాబు టీచరు ఒప్పుకుంది, సంతకం పెట్టు. ఆ గారులూ అండీలూ దుబాసీ చేతి చలవ. పిల్ల పొగరుబోతని ఎవరూ అనుకోకూడదని ఎన్నో ఏళ్ళుగా కలుపుతోంది.

“భేష్. మార్కులు బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పండమ్మా ఆ అమ్మాయికి,” అన్నాడు సలహాదారు, దుబాసీ వంక చూస్తూ.

“ఆమెని చూసి మాట్లాడండి సార్.”

“ఆఁ, అవునవును. అలవాటు లేక.” ఆయన అమ్మాయి వైపు తిరిగి ఓ నవ్వు నవ్వి, మళ్ళీ దుబాసీ దగ్గరికే వచ్చేశాడు. గొంతు తగ్గించాడు. “చూడండమ్మా, ఇది మీరు చెప్పకండి, మనలో మనమాట. ల్యాబులో నిప్పంటుకుంటే గంట కొడతారు. ఈ పిల్లకి వినబడుతుందా? రేపు ఏదైనా అయితే ఎవడి పీకకి చుట్టుకుంటుంది? నా పీకకి. అయినా ఇలాంటివాళ్ళకి ఇంత చదువు ఏం చేసుకోవడానికి చెప్పండి? ఏదో ఒక మూల కూర్చుని పుస్తకాల మీద చీటీలు అతికించుకునే పని చాలదూ? డిగ్రీ చేతిలో పెట్టి పంపిస్తే మనకీ పుణ్యం. లైబ్రరీ కోర్సుకి మార్పించేద్దాం. మెల్లిగా నచ్చజెప్పండి. మీ మాట వింటుంది.”

అమ్మాయి కళ్ళు ఆయన పెదాల మీద ఉన్నాయి. ఆయన పెన్నుతో మీసం గోక్కుంటూ మాట్లాడాడు కాబట్టి అందినట్టు లేదు. ఆ కళ్ళు దుబాసీ చేతుల మీదకి వచ్చి ఆగాయి.

దుబాసీ ఒళ్ళోంచి చేతులు ఎత్తింది. ‘ల్యాబులో ప్రమాదం జరిగితే గంట వినబడదని దిగులు పడుతున్నారు. నీ క్షేమం కోరుతున్నారు. లైబ్రరీ కోర్సు బాగుంటుందంటున్నారు.’

‘అంతేనా?’ అని అడిగింది అమ్మాయి. ‘చాలాసేపు మాట్లాడాడు.’

‘అంతే.’

‘నువ్వేమంటావక్కా?’

అలా అడగకూడదు, అడిగినా చెప్పకూడదు. దుబాసీ తల పక్కకి వంచి, పెదాలు బిగించి, కొంచెం నవ్వింది. ఒప్పుకో, పరవాలేదు అన్నట్టు ఉంది ఆ నవ్వు. సలహాదారు కోర్సు మార్పు కాగితం ముందుకి జరిపితే అమ్మాయి పెన్ను తీసుకుంది. సంతకం చేస్తున్నంతసేపూ ఆ పసుపచ్చ వేళ్ళ కొసలు తెల్లబడి ఉన్నాయి.

*

రెండు రోజుల తరవాత స్టాఫ్ గదిలో టీ మిషన్ దగ్గర సలహాదారు ఆమెని పిలిచాడు. పక్కన, కొత్తగా చేరిన ఇంకో సలహాదారు ఉన్నాడు. నిండా ముప్పై ఏళ్ళుండవు.

“ఈవిడేనోయ్ మా దుబాసీ గారు. ఇలాంటి మనిషి ఉంటే మన పని సగం అయిపోయినట్టే. మనం ఎంత చేదు చెప్పినా, ఈవిడ చేతుల్లో పడేసరికి పాకం అయిపోతుంది. మొన్న ఆ చెవిటి పిల్ల ల్యాబు గ్రూపు కావాలని పట్టుబట్టింది. నేనైతే మూడు మీటింగులు పడుతుందనుకున్నా. ఈవిడ రెండు సైగలు చేశారు, గప్‌చుప్‌గా సంతకం పెట్టి వెళ్ళింది.”

కొత్తాయన మర్యాదకి నవ్వాడు.

“ఇంకో మంచి కూడా జరిగింది,” అని తేనెసీసా కప్పు ఊదుకుంటూ కన్ను కొట్టాడు. “ల్యాబు గ్రూపులో సీటు ఒకటి మిగిలింది. మా తోడల్లుడి కొడుకు ఎప్పటి నుంచో కాళ్ళా వేళ్ళా పడుతున్నాడు. వాడి నెత్తిన పాలు పోసినట్టయింది. మీకు థ్యాంక్స్ చెప్పమన్నాడమ్మా దుబాసీ గారూ!”

ఆమె నవ్వింది. నవ్వుతూనే టీ తీసుకుంది, నవ్వుతూనే బయటికొచ్చింది. వరండాలో వాష్‌బేసిన్ దగ్గర ఆగి టీ అంతా అందులో పారబోసింది. చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. ఆ చేతులంటే ఆమెకి గర్వం. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, ఉంగరాలు పెట్టకుండా, చలికాలంలో పగలకుండా నూనె రాసి కాపాడుకునేది. వాడి చేతిలో అవి చక్కెర డబ్బా అయ్యాయి.

కోపం ఆమెకి కొత్త కాదు గానీ ఇలాంటి కోపం కొత్త. కడుపులో మండే రకం కాదు. తల చల్లగా ఉంది. వాణ్ణి ఎక్కడ పట్టుకోవాలో, ఎలా పట్టుకోవాలో వరసగా కళ్ళకి కట్టింది. అప్పీలు పెడితే డీన్ మేడమ్ ముందు విచారణ జరుగుతుంది. విచారణలో తేనెసీసా నోరు ఊరుకోదు. పక్కవాళ్ళ చెవిలో గొణగడం వాడి పుట్టుకతో వచ్చింది. ఆ గొణుగుడంతా తను వింటుంది. విన్నదల్లా అందరి ముందూ సైగల్లో పెడుతుంది. ఒక్క పొల్లు వదలదు. తరవాత అమ్మాయి ఏమంటుందో దాన్ని గొంతెత్తి చెబుతుంది. తను ఏ నియమమూ తప్పక్కర్లేదు. నియమం పాటిస్తే చాలు, వాడు బజారున పడతాడు.

ఆ మధ్యాహ్నమే లైబ్రరీలో అమ్మాయిని వెతికి పట్టుకుంది. అమ్మాయి బీరువాల మధ్య నేల మీద కూర్చుని, కొత్త కోర్సు పుస్తకం ముందు పెట్టుకుని, దాని కింద దాచిన రసాయన శాస్త్రం పుస్తకం చదువుతోంది.

‘నీ సీటు ఆయన చుట్టం కుర్రాడికి ఇప్పించాడు,’ అని చెప్పింది దుబాసీ. ‘అప్పీలు పెట్టు. వారంలోపు పెట్టచ్చు. నేను ఉంటాను.’

అమ్మాయి మొహంలో రంగు మారింది. కోపంగా కాకుండా చాలా స్పష్టంగా, ఒక్కొక్క సైగా విడదీసి అడిగింది. ‘ఆ రోజు వాడు ఇంకేమన్నా అన్నాడా?’

చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం రాదు. దుబాసీకి ఆ సంగతి తెలుసు. కానీ ఇప్పుడు చెబితే ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. యుద్ధానికి ముందు ఈ తగువు ఎందుకనిపించింది.

‘చెప్పాల్సిందంతా చెప్పాను.’

అమ్మాయి తలూపింది. ఆమె కళ్ళు కొంచెంసేపు దుబాసీ చేతుల మీదే ఉండి, పుస్తకంలోకి దిగిపోయాయి.

*

దుబాసీ వాళ్ళమ్మకీ చెవులు వినబడవు. ఇంట్లో తల్లీ కూతుళ్ళ మాటలన్నీ చేతులతోనే. అందుకని వంటింట్లో కూరగాయలు తరిగేటప్పుడు ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఏదైనా అనాలంటే కత్తి కింద పెట్టాలి. తల్లి కత్తి కింద పెట్టిందంటే మామూలు విషయం కాదని అర్థం.

ఆ సాయంత్రం కూతురు బీన్స్ వొలవడం మానేసి కథంతా చెప్పింది. టీ మిషన్ దగ్గర తేనెసీసా కప్పు ఊదడం, కన్ను కొట్టడం, మీసం గోక్కోవడం అన్నీ చేసి చూపించింది. విచారణ రోజు వాడి మొహం ఎలా వాడిపోతుందో ముందే చేసి చూపించింది. తల్లి చూసి చూసి, ముందు నవ్వింది. వాణ్ణి అచ్చు దింపావంది. ఆ తరవాత కత్తి కింద పెట్టింది.

‘ఆ పిల్లకి చెప్పావా?’

‘సీటు సంగతి చెప్పాను.’

‘అది కాదు. ఆ రోజు నువ్వు మింగేసింది.’

కూతురు ఒక బీన్స్ కాయ తీసుకుని ఈనె లాగింది. తల్లి ఆ కాయ లాక్కుని పక్కన పడేసింది. చేతులు ఖాళీగా ఉంటే గానీ జవాబు రాదని ఆమెకి తెలుసు.

‘నీ చిన్నప్పుడు బట్టల కొట్టువాడు,’ అంది తల్లి. ‘నేను కుట్టిచ్చిన జాకెట్లకి వంకలు పెట్టి అంతసేపు ఆడిపోసుకునేవాడు. నువ్వేమో గౌను అంచు నలుపుతూ, రేపు రమ్మన్నాడమ్మా అనేదానివి.’

‘నీకెలా తెలుసు?’

‘చెవులు లేవు గానీ కళ్ళు లేవటే నాకు? వాడి మొహం కనబడదా?’

‘బాధపడతావని...’

‘పడతాను. నన్నన్న మాటలకి నేను కాకపోతే ఎదురింటావిడ పడుతుందా? వాడు నాకిచ్చింది నువ్వు మధ్యలో కొట్టేశావు. ఒక్కసారి తెలిసుంటే వాడి మొహాన ఆ జాకెట్లు కొట్టి వచ్చేదాన్ని. ఏళ్ళ తరబడి వాడికే కుట్టాను.’

కూతురు మొహం తిప్పుకుంది. సైగల ఇంట్లో అంతకన్నా పెద్ద తలుపు వేసుకోవడం లేదు. కాసేపటికి మళ్ళీ తిరిగి, ‘ఇప్పుడు అవన్నీ ఎందుకు? వాణ్ణి మాత్రం వదిలిపెట్టను,’ అంది.

‘వదలకు. ఎవరొద్దన్నారు?’ తల్లి కత్తి తీసుకుంది.

*

విచారణ గదిలో పొడుగాటి బల్ల. ఆ చివర డీన్ మేడమ్, ఆమెకి చెరో పక్క ఇద్దరు ప్రొఫెసర్లు. తేనెసీసా ఉతికిన చొక్కా వేసుకుని, ఒక ప్రొఫెసరు పక్కన, స్నేహితుడింటికి వచ్చినంత కులాసాగా కూర్చున్నాడు. దుబాసీ నల్ల జాకెట్టు వేసుకొచ్చింది. దాని మీద చేతులు బాగా కనిపిస్తాయి. అమ్మాయికి ఎదురుగా కుర్చీ వేసుకుని, కాళ్ళు నేలకి ఆనించి, భుజాలు వదులు చేసుకుంది. ఆటగాళ్ళు బరిలో దిగే ముందు చేసే పని.

మొదలైన కాసేపటికే తేనెసీసా పక్కకి ఒరిగాడు. “ఎంతసేపండీ ఇది? ఐదింటి బస్సు తప్పితే నా బతుకు అంతే. ఈ చేతులూపుడు ఎప్పటికి తెములుతుందో!”

దుబాసీ చేతులు కదిలాయి. బస్సూ వచ్చింది, బతుకూ వచ్చింది, చేతులూపుడూ వచ్చింది. పక్కకి ఒరగడం కూడా భుజంతో పెట్టింది.

అమ్మాయి చదివి, జవాబిచ్చింది. దుబాసీ గొంతెత్తింది. “సార్, మీ బస్సు నా వల్ల తప్పితే ఇంకో బస్సు వస్తుంది. మీ వల్ల నాకు తప్పింది మళ్ళీ రాదు.”

డీన్ మేడమ్ కళ్ళజోడు తీసింది. తేనెసీసా ఎర్రబడ్డాడు. “ఇదేంటమ్మా, నేను ఈయనతో అన్నది కూడా చెప్పేస్తారా?”

“నాకు వినబడిందల్లా చెప్పాలి సార్. మీకు వినబడేదంతా ఆ అమ్మాయికీ అందాలి,” అంది దుబాసీ, ఈసారి తన మాటగా.

“ఆవిడ చెప్పింది సరైనదే,” అంది డీన్. “మీరే నోరు అదుపులో పెట్టుకోండి.”

దుబాసీకి ఒళ్ళంతా వెచ్చబడింది. అంత హాయిని ఆమె ఎన్నాళ్ళుగానో ఎరగదు. ఆ తరవాత తేనెసీసా “ఛ” అంటే ఛ పెట్టింది, నిట్టూరిస్తే నిట్టూర్పు పెట్టింది. తోడల్లుడి కొడుకు సంగతి అమ్మాయి అడిగినప్పుడు ఆయన నీళ్ళు నమిలితే, ఆ నమలడం కూడా పెట్టింది. ప్రొఫెసరు తన కుర్చీని జానెడు దూరం జరుపుకున్నాడు. వాడు ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు. ఇంకొక్క తోపు చాలు.

అప్పుడు తేనెసీసా రుమాలుతో మెడ తుడుచుకుని, గొంతులో మళ్ళీ తేనె పోసుకున్నాడు. “మేడమ్, సీటు ఎవరికి వెళ్ళిందనేది వేరే మాట. ఆ రోజు నేను ఏదీ దాచలేదు. నిప్పు సంగతి, గంట సంగతి, ఈ చదువు వాళ్ళకి ఎంతవరకు పనికొస్తుందో ఆ సంగతి, అంతా నోరు విప్పి చెప్పాను. అంతా తెలిసే ఆ అమ్మాయి సంతకం పెట్టింది. దుబాసీ గారే సాక్షి. ఏమ్మా, చెప్పలేదూ?”

దుబాసీ ఆ మాటలన్నీ సైగల్లో పెట్టింది. చివరి ప్రశ్న కూడా.

“దుబాసీని అడగడం కుదరదు,” అంది డీన్. “ఆమె ఇక్కడ గొంతు మాత్రమే. అమ్మాయినే అడుగుదాం. ఆ రోజు నీకు ఏం చెప్పారమ్మా?”

అమ్మాయి దుబాసీ మొహంలోకి చూసింది. అక్క అనే సైగ ఈసారి రాలేదు. వేలు నేరుగా ఆమె వైపే చూపించి మొదలుపెట్టింది.

ఆ గదిలో సైగలు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు అంటున్నారు, ఇంకొకరు చెప్పాలి. అందులో ఏ ముక్క జారిపోయినా అడిగేవాళ్ళు లేరు. దుబాసీ నోరు తెరిచింది. నాలుక మీద వెనకటి అలవాటు సిద్ధంగా ఉంది. ‘దుబాసీ గారు నాకు పూర్తిగా వివరించలేకపోయారండీ’ అంటే చాలు. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. సైగలో ‘గారు’ లేదు, ‘ఆవిడ’ లేదు, ‘చెప్పారు’కీ ‘చెప్పింది’కీ తేడా లేదు. అది ఎంచుకోవాల్సింది నోరే. అమ్మాయి మొహం చూసి ఎంచుకోవాలి. ఆ మొహంలో ‘గారు’ లేదు.

“నా ఎదురుగా కూర్చున్న ఈ దుబాసీ నాకు అబద్ధం చెప్పింది,” అంది దుబాసీ.

ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది.

“ఆ రోజు ఈయన చాలాసేపు మాట్లాడాడు. దీని చేతులు కొంచెమే కదిలాయి. అంతేనా అని అడిగాను. అంతే అంది. మళ్ళీ లైబ్రరీలో అడిగాను. చెప్పాల్సిందంతా చెప్పానంది. ఏం దాచిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా మంచి కోరే మనిషి ముందు కూర్చున్నాననుకుని సంతకం పెట్టాను. ఈయన నా సీటు తీసుకున్నాడు. ఇది నా కోపం తీసుకుంది. నేను కోపం తెచ్చుకుని ఉంటే ఆ సంతకం పెట్టేదాన్ని కాదు. ఇవాళ ఇది నా తరఫున ఈయన మీద పగ తీర్చుకుంటోంది. చాలా బాగా చేస్తోంది. నేను అడగలేదు. నాకు కావలసింది ల్యాబు సీటూ, నాకు వినబడేటట్టు చెప్పే ఇంకో మనిషీ.”

‘దీని’, ‘ఇది’ అనేటప్పుడు కూడా ఆమె గొంతు తగ్గించలేదు. అమ్మాయి ఆమె పెదాల్నే చూస్తోంది. ఎంత అందిందో తెలియదు గానీ, వాక్యం అయ్యేదాకా చేతులు దించకుండా కాచుకుంది. అయ్యాక దించింది.

డీన్ మేడమ్ ఇద్దరు ప్రొఫెసర్ల వైపూ చూసింది. పెద్దగా చర్చ జరగలేదు. ఏం చెప్పారో తెలియకుండా పెట్టిన సంతకం చెల్లదు. సీటు అమ్మాయిదే. ల్యాబులో గంటతో పాటు వెలిగి ఆరే దీపం కూడా బిగించాలి. తోడల్లుడి కొడుకు సంగతి వేరే కమిటీ చూస్తుంది. అప్పటిదాకా ఈ సలహాదారు ఎవరికీ సలహాలు చెప్పనక్కర్లేదు.

“మీ సంగతి రేపు మాట్లాడదాం,” అంది దుబాసీతో. “ఈ అమ్మాయి మీటింగులకి వేరే వాళ్ళని పిలిపిస్తాను.”

దుబాసీ అది కూడా సైగల్లో పెట్టింది. తన గురించి తనే.

*

వరండా ఇరుకు. ఒక పక్క మెట్లు, అవతలి చివర మంచినీళ్ళ మిషన్. అమ్మాయి అక్కడ సీసా నింపుకుంటోంది. దుబాసీ మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. పిలుద్దామా అంటే, ఏమని పిలవాలో తోచలేదు. తేనెసీసా బయటికొచ్చి ఆమె పక్కనే ఆగాడు. అమ్మాయిని ఆయన చూడలేదు. ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాడు.

“చూశారుగా, ఇద్దర్నీ ఒకే గాటన కట్టింది,” అన్నాడు. కోపం కూడా లేదు గొంతులో. సాటి ఉద్యోగితో చెప్పుకున్నట్టు ఉంది. “అయినా మీకేం వచ్చిందమ్మా? అక్కడ సైగలు తెలిసినవాడు ఒక్కడున్నాడా? ఆ ఒక్క ముక్కా మార్చి చెబితే మీరూ బయటపడేవాళ్ళు, నేనూ బయటపడేవాణ్ణి. ఇన్నాళ్ళూ చేసిందేగా. ఆ మూగదానికి ఏం తెలుస్తుంది?”

దుబాసీ చేతులు లేచాయి.

గుండె ముందు, నల్ల జాకెట్టు మీద, వరండా చివరిదాకా కనబడేంత పెద్దగా సైగలు చేసింది. ఒకే గాటన. మార్చి చెబితే. ఇన్నాళ్ళూ చేసిందే. మూగది. అమ్మాయి సీసా మూత పెట్టబోతూ ఆగింది. తేనెసీసా ఆ చేతుల వంక తెల్లబోయి చూసి, ఎవరికి చెబుతోందోనని వెనక్కి తిరిగాడు.

అమ్మాయి చివరిదాకా చదివింది. సీసా కిటికీ గట్టు మీద పెట్టి, దూరం నుంచే సైగ చేసింది. ‘ఆ రోజు మాటలు కూడా.’

దుబాసీ మొదలుపెట్టింది. ఇది మీరు చెప్పకండి, మనలో మనమాట అన్న దగ్గర నుంచి, మీసం గోక్కోవడంతో సహా. నిప్పు, గంట, పీక. చీటీలు అతికించే మూల. ‘ఇలాంటివాళ్ళు’ అన్న చోట ఆగిపోయింది. ఆ మాటకి సైగ లేదు. వేలు చాపి ఆ అమ్మాయినే చూపించాలి. చూపించింది. ఆమె వేలు గాలిలో అలాగే ఉండగా కన్నీళ్ళు కారాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ‘నీ క్షేమం కోరుతున్నారు’ అన్నది ఆయన మాట కాదని, అది తన మాటని చెప్పి ముగించింది.

అమ్మాయి మొహం ఎర్రబడింది. ఏడవలేదు. ఆ కోపం ఇప్పటికి ఆమెకి అందింది. దాన్ని ఏం చేసుకోవాలో ఆమె ఇష్టం. సీసా సంచిలో వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని, గబగబా నడిచి వచ్చింది. వాళ్ళిద్దరి ముందూ ఆగి, ఒంటి చేత్తో ఒక సైగ చేసింది.

“ఏమంటోంది?” అన్నాడు తేనెసీసా. అటూ ఇటూ చూశాడు. “ఏమంటోందమ్మా? చెప్పండి!”

“మెట్లకి అడ్డం నిలబడ్డారు, జరగండి,” అంది దుబాసీ.

ఇద్దరూ చెరో గోడకీ అతుక్కున్నారు. అమ్మాయి వాళ్ళ మధ్య నుంచి మెట్లెక్కి ల్యాబుకి వెళ్ళిపోయింది.